పరుల వేషము – మన పరిహాసము



మొన్నటి ఏప్రిల్ నెలాఖరున నొక సాయంకాలము మా ప్రక్కయింటి యావిడ ఫోను చేతబట్టుకొని వచ్చి మా వంటయింటి గుమ్మమువద్ద నిలిచెను. ఆమె కుమార్తె అమెరికాలో పై చదువు చదువుచున్నది. ఆ బాలిక యుండు వసతిగృహమున మే 5వ తేదీ రాత్రి విందు జరుగనున్నదట. వచ్చువారందరును మెక్సికో దేశస్థుల వేషమున రావలెనట. అనగా వెడల్పు టోపీలు పెట్టుకొని, బుంగమీసములు అంటించుకొని, త్రాగి తూలువారివలె నటింపవలెనట.

"పోవలెనా, మానవలెనా యని పిల్ల అడుగుచున్నది. స్నేహితులందరును పోవుచున్నారట. తానొక్కతె పోకున్న వేరుపడిపోవుదునని దాని భయము. వేషమే కదా అక్కయ్యగారూ, ఇందులో తప్పేమున్నది? మన బడులలో పిల్లలకు వేయుట లేదా?" అని యామె యడిగెను.

ఆ చివరి మాట మాకు ముల్లువలె నాటెను. ఎందులకో తరువాత చెప్పుదుము. ఆలోచించి మరునాడు చెప్పుదుమని మాత్రము పలికి యామెను పంపితిమి. ఆ రాత్రి మేము తలపోసిన సంగతులే ఈ మాసము మా పాఠకురాండ్ర ముందుంచుచున్నాము. మన యిండ్ల బిడ్డలు నేడు వేలకొలదిగా ఆ దేశపు విద్యాలయములందున్నారు. ఆ విందుల ఆహ్వానము ఎప్పుడో యొకనాడు మనలో నెవరి బిడ్డకైనను రాగలదు.

అమెరికా కళాశాలలలో నిట్టి విందులు క్రొత్తవి కావు. ఒక జాతివారినిగూర్చి లోకమున ప్రచారమందున్న హేళనలన్నియు ప్రోగుచేసి, వానినే వేషముగా కట్టి, ఒక రాత్రి వినోదింతురు. 2010 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖకు చెందిన కొందరు విద్యార్థులు, ఆవరణకు వెలుపల, 'కాంప్టన్ కుకౌట్' అను పేర విందు చేసిరి. కాంప్టన్ అనునది లాస్ ఏంజిలెస్ చెంతనున్న పట్టణము. నల్లజాతివారి నివాసముగా పేరుపడినది. ఫిబ్రవరియో, నల్లజాతివారి చరిత్రను స్మరించుకొనుటకై అమెరికావారు ప్రత్యేకించుకొన్న నెల. ఆ నెలలోనే ఆ విందు! వచ్చు స్త్రీలు చవుకబారు దుస్తులు తొడిగి, బంగారుపండ్లు పెట్టుకొని, బిగ్గరగా నరచుచు, జగడములాడుచు, నాలుగు మాటలు మాత్రమే తెలిసినవారివలె మెలగవలెనని యాహ్వానమున వ్రాసిరి. ఆనాడు ఆ శాఖలో పట్టపరీక్షకు చదువు విద్యార్థులలో నల్లజాతివారు నూటికి ఇద్దరైనను లేరు. తొంబదియెనిమిది మంది నవ్వుచుండగా ఆ ఒక్కరిద్దరు పిల్లల మనస్సెట్లుండునో ఊహించుకొనుడు. విశ్వవిద్యాలయమువారు ఈ విషయమై సభ కూర్చినప్పుడు వందలకొలది విద్యార్థులు లేచి వెలుపలికి వచ్చి, తమ సభ తామే జరుపుకొనిరి.

ఇంతకు పూర్వము 1991లో, వర్జీనియా రాష్ట్రమందలి జార్జి మేసన్ విశ్వవిద్యాలయమున, ఒక విద్యార్థి సంఘమువారు విరాళములు ప్రోగుచేయుటకని 'కురూపి స్త్రీ' పోటీ పెట్టిరి. పురుషులే స్త్రీవేషములు వేసిరి. అందొకడు ముఖమునకు నల్లరంగు పూసికొని, నల్లజుట్టు టోపీ తగిలించుకొని, ఒంటికి ముందువెనుకల దిండ్లు కట్టుకొని, నల్లజాతి స్త్రీగా వచ్చెను. ఈ రెండు కథలలోను పరిహాసమునకు గురియైనది ఎవరో మా సోదరీమణులు గమనించియే యుందురు. జాతిని నవ్వదలచినవారు ముందుగా ఆ జాతి యాడుదానిని నవ్వుదురు.

"ముఖమునకు రంగు పూసికొన్నంత మాత్రమున నేమి?" అని యడుగవచ్చును. ఆ రంగునకొక చరిత్ర యున్నది. 1830 ప్రాంతమున థామస్ రైస్ అను తెల్ల నటుడు ముఖమునకు మసి పూసికొని, 'జిమ్ క్రో' అను పేర నొక నల్లవాని వేషము కట్టి, కుంటుచు గంతులు వేయుచు పాడెను. జనులు విరగబడి చూచిరి. అట్టి వేషముల నాటకబృందములు దేశమంతట బయలుదేరెను. నల్లవాడు సోమరి, మూఢుడు, దొంగ అని రంగస్థలముపై నూరిపోసిన మాట వీథులలోనికి, చట్టసభలలోనికి ప్రాకెను. తరువాతి కాలమున నల్లవారిని బడులలోను, బండ్లలోను, భోజనశాలలలోను వేరుచేసిన శాసనములకు 'జిమ్ క్రో చట్టములు' అనియే పేరు వచ్చెను. నవ్వించుటకు కట్టిన వేషముయొక్క పేరే చట్టమునకు పేరయ్యెను. ఆ వేర్పాటును కొట్టివేయు పౌరహక్కుల శాసనము 1964వ సంవత్సరమునగాని రాలేదు.

ఇంకొక చిన్న యుదాహరణము. 2014 జనవరిలో అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు విద్యార్థి సంఘమొకటి మార్టిన్ లూథర్ కింగ్ స్మారకదినమును పురస్కరించుకొని విందు చేసెను. అందు కొందరు పుచ్చకాయ డిప్పలను పానపాత్రలుగా పట్టుకొని చిత్రములు తీయించుకొనిరి. విశ్వవిద్యాలయమువారు ఆ సంఘమును బహిష్కరించిరి. మన కంటికి పుచ్చకాయలో దోషమేమియు కానరాదు. ఎండకాలమున మనమందరము కోసుకొని తినునదే. కాని 1865లో బానిసత్వము తొలగిన పిమ్మట, విముక్తి పొందిన నల్లవారు పలువురు తమ చేతులతో పుచ్చతీగెలు పెంచి, కాయలమ్ముకొని, తమ కాళ్లపై తాము నిలువజూచిరి. అది వారికి స్వతంత్రజీవనపు గురుతాయెను. ఓర్వలేని తెల్లవారు ఆ కాయనే చిత్రములలో, నాటకములలో నల్లవారి తిండిపోతుతనమునకు, బద్ధకమునకు గురుతుగా మార్చివేసిరి. ఒకరు చెమటోడ్చి సంపాదించుకొన్న గౌరవమును వారి ముఖముననే విసరికొట్టుటకంటె క్రూరమైన పరిహాసమేమున్నది?

"ఆ పిల్లలకు ఈ చరిత్రయంతయు తెలియునా? బాధపెట్టవలెనను తలంపు వారికి లేదుగదా!" యని కొందరందురు. నిజమే, పలువురికి తెలియదు. కాని తెలియనంతమాత్రమున గాయము గాయము కాకపోదు. మహాభారతము ఆదిపర్వమున ద్రోణుడు భీష్మునితో చెప్పుకొన్న మాటలు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ధనవంతుల బిడ్డలు పాలు త్రాగుచుండగా చూచి బాలుడైన అశ్వత్థామ పాలకై యేడ్చెను. తండ్రికి ఆవు లేదు. తోటి బాలురు పిండిని నీట కలిపి యిచ్చిరి. ఆ పసివాడు త్రాగి, పాలు త్రాగితినని సంతోషముతో గంతులు వేసెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ బాలురకు వినోదము తప్ప వేరు తలంపు లేకపోవచ్చును. కాని ఆ నవ్వు విన్న తండ్రి గుండెకోతయే యతనిని ద్రుపదుని వాకిటికి, అచ్చటి యవమానమునుండి హస్తినకు నడపించెను. తరువాతి కథ మన మెరుగుదుము. నవ్వినవారు ఆటను మరచి యిండ్లకు పోయిరి. నవ్వబడినవాడు మరువలేదు. వాని తండ్రియు మరువలేదు.

అట్లయిన నిట్టి విందులను ప్రభుత్వము శిక్షింపవలెనా? ఇచ్చట మేము జాగ్రత్తగా మాటాడ దలచినాము. జార్జి మేసన్ వారు ఆ విద్యార్థి సంఘమును దండించినప్పుడు సంఘమువారు న్యాయస్థానమున కెక్కిరి. 1993లో అప్పీలు న్యాయస్థానము, ఆ వేషము మోటుదైనను భావప్రకటనమే యగునుగాన ప్రభుత్వ విశ్వవిద్యాలయము దానిని దండింపరాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పును మేము తప్పుపట్టము. నచ్చని మాట పలికినవారినందరను దండించు నధికారము అధికారులకిచ్చిన, అది రేపు మన నోటిమీదికే వచ్చును. కాని చట్టము దండింపనిదంతయు సభ్యమని యర్థము కాదు. అత్తవారింట కోడలి పుట్టింటిని రోజును ఎత్తిపొడుచుటకు ఏ చట్టమును శిక్ష వేయదు. అయినను అది మంచిదని యెవరనగలరు?

2015లో యేల్ విశ్వవిద్యాలయమున, వేషముల పండుగకు ముందు, ఇతరజాతులను కించపరచు వేషములు వేయుటకు ముందు ఆలోచించుకొనుడని విద్యార్థులకు పెద్దలు జాబు వ్రాసిరి. ఒక అధ్యాపకురాలు, ఏ వేషము తగునో తగదో అధికారులు చెప్పవలెనా, విద్యార్థులు తమలో తాము మాటాడుకొని తేల్చుకొనలేరా యని బదులు జాబు వ్రాసెను. దానిపై పెద్ద యలజడి చెలరేగెను. కడకామె అచ్చట బోధన మానుకొనెను. ఆమె యడిగిన ప్రశ్న అడుగరానిదని మేమనుకొనము. అధికారులు చెప్పకున్న మరెవరు చెప్పవలెను? మా యుత్తరమిది: తల్లి చెప్పవలెను, ప్రక్కనున్న స్నేహితురాలు చెప్పవలెను. ఒహైయో విశ్వవిద్యాలయమున 2011లో కొందరు విద్యార్థులు చేసినదిట్టిదే. తమ తమ జాతుల వేషములు కట్టినవారి చిత్రములను చేతబట్టుకొని నిలిచి, మా జీవనము మీకు వేషము కాదను భావముతో గోడపత్రికలు వేసిరి. ఎవరిని దూషింపలేదు. చిత్రమును, తమ ముఖమును ప్రక్కప్రక్కన చూపిరి. అంతకంటె చెప్పవలసినది లేదు.

"మన పూర్వులు మాత్రము వేషములు కట్టలేదా? పగటివేషములు చూచి మనము నవ్వుకొనలేదా?" యని మా వారు ఆ రాత్రి యడిగిరి. తగిన ప్రశ్నయే. పగటివేషగాడు పట్టపగలు, మన వీథిలో, మన వాకిటనే నిలిచి మనవలె నడచి మనవలె మాటాడును. ఎవరి వేషము వేయునో వారి యెదుటనే వేయును. వారి యాచారములు, పలుకుబడి, నడక ఏండ్లతరబడి నేర్చినగాని వాని కూడు వానికి దొరకదు. తప్పిన ఆ యింటివారే తప్పు పట్టుదురు. మెప్పించిన వారే చేటెడు బియ్యము పెట్టుదురు. పైగా నవ్వించువాడు బీద, నవ్వబడువాడు కలవాడు. కూచిపూడి భాగవతుల కథ యింకను గొప్పది. సిద్ధవటము నేలిన సమ్మెట గురవరాజు ధనమునకై స్త్రీలను హింసించుచుండగా, భాగవతులు విజయనగరమునకు పోయి వీరనరసింహరాయల యెదుట ఆ గురవరాజు వేషమునే కట్టి, యతని క్రూరకృత్యములు ఆడి చూపిరనియు, రాయలు నిజము గ్రహించి యతనిని శిక్షించెననియు మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నది. అది బలవంతునిపై బలహీనులు ప్రయోగించిన వేషము.

పగటివేషములన్నియు నిర్దోషములని మేమనము. వానిలోను తక్కువగా చూడబడిన కులములను నవ్వినవి కలవు. అవియు తప్పే. కాని ఈ పోలికవలన మాకొక గీటురాయి దొరికినది. ఎవరి వేషము వేసితివో వారి యెదుట, వారి తల్లి యెదుట, ఆ వేషముతో తలయెత్తి నిలువగలవా? నిలువగలిగిన నది కళ. నిలువలేక, వారు లేని చోట తలుపులు మూసికొని వేసిన నది యపహాస్యము.

మరియొక భేదము కూడ నున్నది. విందున కరిగినవాడు రాత్రి పూసికొన్న రంగును తెల్లవారి కడిగికొనును. ఆ రంగుతో పుట్టినవాడు ఎచ్చట కడిగికొనును? 2001లో కెనడా దేశమందలి వాంకూవరు నగరపు బడిలో 'అరేబియన్ నైట్స్' పేర విందు జరుగగా, అచ్చటి ఉపాధ్యాయుడొకరు ముఖమునకు, చేతులకు గోధుమరంగు పులుముకొని, తలపాగా చుట్టుకొని వచ్చెను. ఆయనయే తరువాత ఆ దేశపు ప్రధానమంత్రియైన జస్టిన్ ట్రూడో. 2019లో ఆ చిత్రము పత్రికలో వెలువడగా, నాడు ప్రధానిగానున్న యాయన దేశమునకు క్షమాపణ చెప్పుకొనెను. ఆయనకు ఆ రంగు ఒక రాత్రి యలంకారము. మన బిడ్డలకు అది పుట్టువర్ణము. ఆ రంగు చూచి, ఆ తలపాగా చూచి, వీథిలో తిట్టినవారును కొట్టినవారును ఆ దేశములలో లేకపోలేదు.

మన బొట్టు సంగతియే చూడుడు. 1987లో అమెరికాలోని జెర్సీ నగరమున కొందరు యువకులు ముఠాకట్టి, మన స్త్రీల నుదుటి బొట్టును హేళనచేయు 'డాట్‌బస్టర్స్' అను పేరు పెట్టుకొనిరి. భారతీయులను ఊరినుండి తరిమివేయుదుమని పత్రికకు జాబు వ్రాసిరి. ఆ కాలమున ఆ చుట్టుపట్ల భారతీయులపై దాడులు జరిగినవి. ఒక యువకుడు దెబ్బలకు ప్రాణములు కోల్పోయెను. చీర కట్టుకొని బజారునకు పోవుటకే స్త్రీలు జంకిరి. హేళనగా పెట్టిన ఒక పేరు ఎంతదూరము పోయినదో గమనించితిరా! బొట్టును నవ్వినవారందరును కొట్టుదురని మేమనుట లేదు. నవ్వులాటలో మనుష్యుడు బొమ్మగా మారిపోవును. బొమ్మను కొట్టుట మనుష్యుని కొట్టుటకంటె సులభము.

ఇక మా ముల్లు సంగతి. దాచక చెప్పుదుము. గత సంవత్సరము బడి వార్షికోత్సవమునకు మా చిన్నవానికి మేమే 'కోయదొర' వేషము వేసితిమి. నూనెలో బొగ్గుపొడి కలిపి ఒళ్లంతయు పూసితిమి. ఆకులు కట్టితిమి. తలకు నెమలియీకలు, మెడకు పూసలు పెట్టితిమి. అర్థములేని కూతలు కొన్ని నేర్పి, సోది చెప్పుమంటిమి. సభ్యులందరు చప్పట్లు కొట్టిరి. మొదటి బహుమానము వచ్చినది. మేము పొంగిపోతిమి.

వారము దినములకు మా వారితో పనిచేయు ఉపాధ్యాయులొకరు ప్రశ్నపత్రములకై మా యింటికి వచ్చిరి. ఆయన భద్రాచలము ప్రాంతపు కోయలు. ఆ దినము సభలోనున్నవారే, చప్పట్లు కొట్టినవారే. మా వాడు పరుగెత్తి పోయి తన వెండి గిన్నె చూపెను. ఆయన వానిని దగ్గరకు తీసికొని మెచ్చుకొనిరి. కాఫీ త్రాగుచు మెల్లగా, "అమ్మా, ఈ వేషము మా యూరిలో నెవరును వేసికొనగా నేను చూడలేదు. మా నాయన పంచె కట్టుకొని పొలమునకు పోవును," అనిరి. కోపము లేదు. నవ్వుచునే యనిరి. పత్రములు తీసికొని వెడలిపోయిరి.

మేమా రాత్రి నిదురపోలేదు. కోయలకొక భాష యున్నదనియు, అది గోండీకి దగ్గరైన ద్రావిడభాష యనియు మాకు తెలియనిది కాదు. మేడారమున రెండేండ్లకొకసారి లక్షలకొలది జనము మ్రొక్కులు చెల్లించు సమ్మక్క సారలమ్మలు కోయల యాడుబిడ్డలే యనియు తెలియును. తెలిసియు, ఆ భాషను అర్థములేని కూతగా మా బిడ్డ నోట పెట్టితిమి. చదువుకొన్నవారము, ఉపాధ్యాయుని యింటివారము! అమెరికా పిల్లలకు చరిత్ర తెలియదని సర్దిచెప్పుకొనవచ్చును. మాకే సాకున్నది?

మరునాడు ప్రక్కయింటి యావిడకు మేము చెప్పినదిది. మే 5వ తేదీ మెక్సికోవారికి త్రాగుడు పండుగ కాదు. 1862లో ఆ దినమున ప్యూబ్లా యొద్ద మెక్సికో సేన తనకంటె బలమైన ఫ్రెంచిసేనను ఓడించినది. ఆ బాలిక వసతిగృహమును ఊడ్చి తుడుచువారిలో మెక్సికో స్త్రీ యున్నచో, మరునాటి యుదయము ఆ బుంగమీసములు, క్రిందపడిన టోపీలు ఎత్తవలసినది ఆమెయే. ఆ ముఖము చూడగలదేమో పిల్లనే యడుగుడు. చూడలేనన్న, పోవలదని మీరు చెప్పనక్కరలేదు. ఆ వంటలు చేసికొని, ఆ పాటలు పెట్టుకొని, ఆ దేశపు సహపాఠులను పిలిచి కలిసి కూర్చుండిన మాత్రము తప్పక పొమ్మనుడు. ఇతరుల పండుగ చేసికొనుట తప్పు కాదు. ఇతరులను పండుగలో బొమ్మగా నిలుపుట తప్పు.

బాలిక పోలేదట. ఎందులకు రాలేదని గదిలోని స్నేహితురాలడుగగా కారణము చెప్పినదట. ఆ స్నేహితురాలు ఇంతవరకు సరిగా మాటాడుట లేదట. తల్లి యీ మాట చెప్పుచు కన్నులు తుడుచుకొన్నది. దూరదేశమున నొంటరితనము తక్కువ కష్టము కాదు. ఆ బిడ్డ చెల్లించిన వెల మేము చెల్లించినదానికంటె నెక్కువ.

మేమును ఆ ఉపాధ్యాయుల యింటికి పోయి క్షమాపణ చెప్పుకొంటిమి. "ఆ సంగతి నేనెప్పుడో మరచితినమ్మా," అని యాయన యనిరి. మరువలేదని ఆయనకు తెలియును, మాకును తెలియును.

మరల వార్షికోత్సవములు రాగలవు. బిడ్డకు ఏ వేషము వేయుదమాయని మనలో పలువురు ఆలోచింతురు. బొగ్గుపొడి చేతబట్టుకొనుటకు ముందు, ఆ వేషమున కసలైన మనుష్యులు సభలో మొదటి వరుసను కూర్చున్నారని తలంచుకొనుడు. చాలమారులు నిజముగా కూర్చుండియే యుందురు. మనమే చూడము.